కార్డు ఇంకా రాలేదు

గ్రీన్‌కార్డు అప్రూవ్ అయిందన్న మెసేజ్ జగన్మోహన్‌కి ఆఫీస్‌లో, మీటింగ్ మధ్యలో వచ్చింది. ఫోన్ బోర్లా పెట్టి, మీటింగ్ అయ్యేదాకా ఎదురుగా ఉన్న స్క్రీన్‌నే చూస్తూ కూర్చున్నాడు. తరవాత పార్కింగ్ లాట్‌కి వెళ్ళి, కార్‌లో కూర్చుని తలుపు వేసుకుని, ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాడు. అప్పుడు గానీ భార్యకి ఫోన్ చెయ్యలేదు.

విజయశ్రీ మొదట నమ్మలేదు. నమ్మాక, తన కేస్ నంబర్ కూడా కొట్టి చూడమంది. చూశాడు. దాంట్లో ఏ మార్పూ లేదు, పెండింగ్ అనే ఉంది. ఇద్దరివీ ఒకే రోజు పెట్టిన అప్లికేషన్లే. భర్తకి వస్తే భార్యకీ రావాల్సిందే. అయినా ఒక్కోసారి ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తాయని తెలుసు వాళ్ళకి. వచ్చేవారం నాదీ వస్తుందిలెండి అంది ఆమె. ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేసింది. అసలు కార్డు పోస్ట్‌లో ఇంటికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇన్నేళ్ళు ఆగినవాళ్ళకి అదొక ఆలస్యమా అనుకున్నారు.

ఖమ్మం నుంచి జగన్మోహన్ అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మధ్యలో పనిచేస్తున్న కంపెనీ మూతపడి, అతని అప్లికేషన్ మళ్ళీ మొదటికొచ్చింది. పార్సిప్పనీ అనే ఊళ్ళో వాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో పక్కింటివాళ్ళు ఎందరో వచ్చారు, ఇళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయారు. వీళ్ళు అదే రెండో అంతస్తులో ఉండిపోయారు. దేశం దాటి వెళ్తే వీసా స్టాంపింగ్ దగ్గర ఏమవుతుందోనన్న భయంతో పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, గృహప్రవేశాలకి వెళ్ళలేదు. కూతురు అదితి మాత్రం ఇక్కడే పుట్టింది కాబట్టి పుట్టిన దగ్గర్నుంచీ అమెరికనే. ఆ పిల్లకి దేశాలు దాటడం అంటే బ్యాగ్ సర్దుకోవడం. ఇప్పుడు ఆర్కిటెక్చర్ చదువుతూ, వేసవి కోర్సుకని క్లాస్‌మేట్స్‌తో కలిసి మెక్సికోలోని ప్వెబ్లా అనే ఊరికి వెళ్ళింది. అక్కడి పాత ఇళ్ళ పింగాణీ పలకల గోడల ఫొటోలు రోజూ అమ్మకి పంపిస్తుంది. నాన్నకి పంపదు. ఇద్దరికీ పోట్లాటేమీ లేదు, మాటలే తక్కువ.

పాయసం చేసిన వారం తిరక్కముందే, ఒక ఆదివారం పొద్దున అదితి ఫోన్ నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది అదితి కాదు, ఆమె రూమ్మేట్ నిధి. "అంకుల్, అదితి ఓకే. కానీ యాక్సిడెంట్ అయింది," అని మొదలుపెట్టి, మిగతాది ఇంగ్లిష్‌లో గబగబా చెప్పింది. రోడ్డు దాటుతుంటే డెలివరీ వ్యాన్ గుద్దింది. తొడ ఎముక విరిగింది. స్పృహలోనే ఉంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వెయ్యాలంటున్నారు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే బాగుంటుందని డాక్టర్ అంటున్నాడు.

వెనక నుంచి అదితి గొంతు వినిపించింది. అమ్మని రమ్మను అంటోంది.

విజయశ్రీ బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి, మంచం కింద నుంచి సూట్‌కేస్ లాగి, అందులో బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. అతనివి రెండు ప్యాంట్లు, తనవి నాలుగు జతలు, అదితి కోసం మెత్తటి నైటీలు. జగన్మోహన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తన చేతిలో కార్డు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చేతిలో అసలేమీ లేదన్న సంగతి ఆ వెంటనే గుర్తొచ్చింది.

కంపెనీ లాయర్ ఆదివారమైనా ఫోన్ ఎత్తింది. నెమ్మదైన మనిషి. ముందు అమ్మాయి ఎలా ఉందని అడిగి, తరవాత ఒక్కొక్కటీ విడదీసి చెప్పింది. అతను ఇప్పుడు పర్మనెంట్ రెసిడెంట్, అందులో సందేహం లేదు. కానీ పాస్‌పోర్టులో ఉన్న పాత వీసా ఇక చెల్లదు, దాన్ని చూపించి తిరిగి రావడానికి ప్రయత్నించకూడదు. కార్డు చేతికి రాకుండా వెళ్తే అటు నుంచి విమానం ఎక్కనివ్వరు. దారి ఒక్కటే ఉంది. ఇమిగ్రేషన్ ఆఫీస్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని, పాస్‌పోర్టులో తాత్కాలికంగా ఒక ముద్ర వేయించుకోవాలి. కార్డు వచ్చేదాకా ఆ ముద్రే కార్డు.

"మరి విజయశ్రీ?" అని అడిగాడు.

ఆమె అప్లికేషన్ ఇంకా నడుస్తోంది కాబట్టి ప్రయాణానికి విడిగా అనుమతి కాగితం ఉండాలి అంది లాయర్. పాతదాని గడువు చలికాలంలోనే అయిపోయింది, కొత్తది రాలేదు. అది లేకుండా దేశం దాటితే అప్లికేషన్‌ని వదిలేసుకున్నట్టే లెక్క. అతని హెచ్‌వన్ ఉద్యోగ వీసా పోయింది కాబట్టి దాని మీదున్న ఆమె వీసా కూడా పోయింది. వెళ్ళడానికి ఎవరూ ఆపరు. తిరిగి రావడమే కుదరదు. అత్యవసర అనుమతికి అడగొచ్చు, ఇస్తారన్న హామీ మాత్రం లేదు.

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. విజయశ్రీ చేతిలో మడత పెడుతున్న నైటీతో అన్నీ వింది.

"పోతే పోనీండి," అంది. "నాకు ఆ కార్డు వద్దు. నా పిల్ల నన్ను పిలుస్తోంది."

జగన్మోహన్ ఏం చెప్పాలో తెలియక మంచం అంచున కూర్చున్నాడు. వద్దని చెప్పే హక్కు తనకి లేదనిపించింది. వెళ్ళమని చెప్పే ధైర్యమూ లేదు. చివరికి ఒక్క మాట అన్నాడు. "రాడ్డు వేశాక దానికి నెలలు పడుతుంది నడవడానికి. ఆ నెలలు అది ఇక్కడ ఉంటుంది. నువ్వు అక్కడ ఉండిపోతావు."

ఆమె కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది. తరవాత సూట్‌కేస్ దగ్గర కూర్చుని తన బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసింది. చీర కూడా ఒకటి పెట్టుకుంది, అదీ తీసింది. ఖాళీ అయిన చోట అదితి తలగడ పెట్టి, పైన పచ్చడి సీసా గుడ్డలో చుట్టి పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ అతను ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నుంచీ ఇమిగ్రేషన్ వాళ్ళ ఫోన్ నంబర్‌తో యుద్ధం. ముందు మరమనిషి గొంతు మాట్లాడుతుంది, ఏం కావాలో ఒక్క మాటలో చెప్పమంటుంది, ఏం చెప్పినా వెబ్‌సైట్ చూసుకోమని పెట్టేస్తుంది. ఎన్నోసారికో మనిషి దొరికింది. కారణం విని, ఆస్పత్రి ఉత్తరం ఉందా అని అడిగింది. నిధి పంపిన ఉత్తరం స్పానిష్‌లో ఉంది, ఇంగ్లిష్ అనువాదం కావాలన్నారు. ఆ పిల్లే ఆస్పత్రి కారిడార్‌లో కూర్చుని అనువాదం టైప్ చేసి, కింద సంతకం పెట్టి పంపింది. అపాయింట్‌మెంట్ మరుసటి రోజు పొద్దునకి దొరికింది. అదితి ఆపరేషన్ కూడా సరిగ్గా ఆ పొద్దునే పెట్టారు.

ఇమిగ్రేషన్ ఆఫీస్ హాల్లో ఫోన్లు ఆపెయ్యమని బోర్డు ఉంది. జగన్మోహన్ ఆపేశాడు. వరసగా కుర్చీలు, గోడ మీద నంబర్లు మారే తెర. అక్కడ ఉన్నంతసేపూ కూతుర్ని థియేటర్‌లోకి తీసుకెళ్ళారో లేదో, మత్తు ఇచ్చారో లేదో, ఏమీ తెలియదు. బయట కార్‌లో విజయశ్రీ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఇద్దరికీ మధ్య ఒక గోడా, ఒక సెక్యూరిటీ గేటూ ఉన్నాయి. ఒకసారి లేచి గేటు దాకా వెళ్ళాడు. బయటికి వెళ్తే నంబర్ పోతుందేమోనని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ముసలాయన ఏదో భాషలో ప్రార్థన చేసుకుంటున్నాడు. జగన్మోహన్‌కి ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

కౌంటర్‌లో ఆఫీసర్ కాగితాలు తిరగేసి, ఫొటో చూసి, పాస్‌పోర్టులో ఒక ఖాళీ పేజీ మీద ముద్ర కొట్టాడు. గడువు తేదీ పెన్నుతో రాశాడు. సిరా ఒక మూల సరిగ్గా పడలేదు. మళ్ళీ కొట్టమని అడుగుదామా అనుకున్నాడు జగన్మోహన్. అడిగితే ఏమంటాడోనని అడగలేదు. ధైర్యం చేసి భార్య సంగతి మాత్రం అడిగాడు. ఆమెకి విడిగా అపాయింట్‌మెంట్ కావాలి అన్నాడాయన, కటువుగా కాదు, తలుపు దగ్గరగా వేసినట్టు.

బయటికొచ్చేసరికి విజయశ్రీ కార్ దిగి ఎదురొస్తోంది. "అయిపోయిందట. బాగానే ఉందట," అంది. అక్కడే, ఎండలో, కార్ల మధ్య నిలబడి ఏడ్చింది. అతను పాస్‌పోర్టు తెరిచి చూపించాడు. ఆమె వేలు పెట్టబోయి, తడి ఆరిందో లేదోనని వెనక్కి తీసుకుంది.

మెక్సికో సిటీలో దిగినప్పుడు అక్కడి ఇమిగ్రేషన్ అధికారి భారతీయ పాస్‌పోర్టుని అటూ ఇటూ తిప్పి చూసింది. అమెరికా రెసిడెంట్లకి వీసా అక్కర్లేదు గానీ, రెసిడెంట్ అని చూపించే కార్డు ఏదంది. అతను ముద్ర ఉన్న పేజీ చూపించాడు. ఆమె ఇంకొకరిని పిలిచింది, ఆయన భూతద్దం లాంటిదేదో పెట్టి చూసి తలూపాడు. అంతే. కానీ ఆ కాసేపట్లోనే అతనికి చొక్కా వీపంతా తడిసిపోయింది. వస్తున్నప్పుడే ఇలా ఉంటే వెళ్ళేటప్పుడెలా అన్న ఆలోచన బస్‌లో ప్వెబ్లా చేరేదాకా వదల్లేదు.

అదితి గదిలో కిటికీ పక్క మంచం మీద ఉంది. మొహం వాచి ఉంది, చెంప మీద గీరుకున్న చారలు. నాన్నని చూసి ఏడుపూ నవ్వూ కాని మొహం పెట్టి, అతని వెనక తలుపు వైపు చూసింది.

"అమ్మ?"

అతను చెప్పాడు. లాయర్ చెప్పినట్టే, విడదీసి, ఒక్కొక్కటీ. అదితి చివరిదాకా వినలేదు.

"కాగితం కోసం రాలేదా?" అంది. "నేను చచ్చిపోతానేమో అనుకున్నా, నాన్నా. అమ్మకి పేపర్ ఇంపార్టెంట్ అయిందా?"

అతనికి కోపం రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితాల సంగతి ఈ పిల్లకి తెలియకుండా పెంచింది తామే కదా అనుకున్నాడు. భయపడితే ఇద్దరే భయపడేవాళ్ళు, వంటింట్లో, గొంతు తగ్గించి. ఆ రోజు ఇంకేం చెప్పినా వినదని ఊరుకున్నాడు.

తరవాతి రోజుల్లో విజయశ్రీ ఫోన్ చేసినప్పుడల్లా అదితి ముక్తసరిగా మాట్లాడేది. నొప్పి తగ్గింది, తిన్నాను, నిద్రొస్తోంది. ఫోన్ నాన్నకిచ్చేసేది. అటువైపు విజయశ్రీ ఇంకేమైనా చెప్తుందేమోనని కాసేపు ఆగి, సరే పడుకోనివ్వండి అనేది. అత్యవసర అనుమతి కోసం ఆమె కూడా ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి వెళ్ళివచ్చింది. తండ్రి పక్కనే ఉన్నాడుగా, ఆపరేషన్ అయిపోయిందిగా, ఇక అత్యవసరం ఏముందన్నారట. ఆ మాట అదితికి చెప్పొద్దంది.

ఈలోగా జగన్మోహన్ కూతురి పనులన్నీ నేర్చుకున్నాడు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్ ఇవ్వడం నర్స్ చూపించింది. మొదటిసారి అతను మధ్యలో ఆగిపోతే, అదితే సూది పట్టుకున్న వేళ్ళని నొక్కి పట్టుకుంది. వాకర్ పట్టుకుని రెండడుగులు వేయించడం, బాత్రూమ్ తలుపు బయట నిలబడి అయిందా అని అడగడం, జుట్టు చిక్కు తీయడం. ఒక మధ్యాహ్నం జడ వెయ్యబోయి మూడు పాయలూ కలిపేసి ముడి వేశాడు. అదితి అద్దం చూసుకుని నవ్వింది. ప్రమాదం తరవాత అదే మొదటి నవ్వు.

ఆ నవ్వు చూశాక చెప్పాడు, సూట్‌కేస్ సంగతి. అమ్మ తన బట్టలు సర్దుకుందనీ, కార్డు పోతే పోనీ అందనీ, తిరిగి రాలేకపోతే నిన్నెవరు చూసుకుంటారని తను అన్నాక ఒక్కొక్కటే బయటికి తీసిందనీ. చీర సంగతి కూడా చెప్పాడు. "నువ్వు ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలంటే నా మీద తెచ్చుకో. ఆపింది నేను."

అదితి చాలాసేపు దుప్పటి అంచు చుట్టుకుంటూ కూర్చుంది. "మీరిద్దరూ నాకు ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదు," అంది చివరికి.

"చెప్తే నువ్వూ భయపడేదానివి."

"ఐ వజ్ స్కేర్డ్ ఎనీవే. ఎందుకో తెలియకుండా. మీ రూమ్‌లో మీరు మెల్లగా మాట్లాడుకుంటుంటే."

అతను దువ్వెన తీసుకుని, ముడి పడిన జడ విప్పడం మొదలుపెట్టాడు.

డాక్టర్ ప్రయాణానికి సరేనన్నాడు. కాలు చాపుకునే సీటు, వీల్‌చెయిర్, విమానం మధ్యలో ఒక ఇంజెక్షన్, బాత్రూమ్‌కి పట్టుకోవడానికి పక్కన మనిషి. ఒంటరిగా పంపకూడదని కాగితం మీద రాసిచ్చాడు. కార్డు ఇంకా రాలేదు. విజయశ్రీ రోజూ మెయిల్‌బాక్స్ చూస్తోంది. లాయర్ ఫోన్ చేసి, ఎయిర్‌లైన్ వాళ్ళకి ముద్ర సంగతి తెలియకపోతే అమెరికా సరిహద్దు అధికారులకి ఫోన్ చెయ్యమని అడగాలనీ, అలాంటి అనుమానాల కోసమే ఎయిర్‌లైన్ల దగ్గర ఒక నంబర్ ఉంటుందనీ చెప్పింది. ఒకటికి రెండుసార్లు అడగండి, మొహమాటపడకండి అంది. అతని స్వభావం ఆమెకి తెలుసు.

మెక్సికో సిటీ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గర యువకుడు అదితి నీలం రంగు అమెరికా పాస్‌పోర్టు చూసి, వెంటనే బోర్డింగ్ పాస్ తీసి ఇచ్చాడు. తరవాత జగన్మోహన్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. వీసా చూపించమన్నాడు. వీసా కాదు, ముద్ర అని చెప్పి పేజీ తీసి చూపించాడు జగన్మోహన్. ఆ యువకుడు సిరా పడని మూల మీద గోరుతో గీరి చూశాడు. గ్రీన్‌కార్డు కావాలి అన్నాడు.

సరిగ్గా అప్పుడే జగన్మోహన్ ఫోన్ మోగింది. విజయశ్రీ. గొంతులో ఆనందం. కార్డు వచ్చింది, ఇప్పుడే మెయిల్‌బాక్స్‌లో దొరికింది, ఫొటో పంపుతున్నా అంది. ఫొటో వచ్చింది. వంటింటి బల్ల మీద కార్డు, దాని మీద అతని మొహం, పేరు. ప్రాణం లేచొచ్చినట్టయి ఫోన్‌ని కౌంటర్ మీద పెట్టి యువకుడికి చూపించాడు.

అదే పొరపాటు అయింది. ఆ యువకుడు ఫొటో చూసి, అయితే మీకు కార్డు ఉంది, ఇంట్లో మరిచిపోయి వచ్చారు అన్నాడు. కార్డు లేకుండా వచ్చినవాళ్ళు అమెరికన్ ఎంబసీకి వెళ్ళి విమానం ఎక్కడానికి అనుమతి పత్రం తెచ్చుకోవాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది, ఫొటోలు మేము తీసుకోము. మరిచిపోలేదు, నేను వచ్చినప్పుడు కార్డు లేదు, ఈ రోజే వచ్చింది అని జగన్మోహన్ చెప్పిందే చెప్పాడు. ఇంగ్లిష్ తడబడింది. చెప్పేకొద్దీ తనకే తన మాట అబద్ధంలా వినిపించింది. వెనక వరసలో జనం పక్క కౌంటర్‌కి జరిగారు.

వీల్‌చెయిర్ తోసే అతను వచ్చి, అమ్మాయిని ముందుగా గేటు దగ్గరికి తీసుకెళ్ళాలి, టైమ్ అవుతోంది అన్నాడు.

జగన్మోహన్ కిందికి వంగి అదితితో చెప్పాడు. "నువ్వు వెళ్ళు నాన్నా. అక్కడ అమ్మ ఉంటుంది. ఎయిర్‌హోస్టెస్‌ని అడుగుతా, ఇంజెక్షన్‌కి సాయం చేస్తుంది. నేను రెండు మూడు రోజుల్లో వస్తా." రెండు మూడు రోజులో, ఎన్ని రోజులో, అతనికే తెలియదు. ఆ మాట అంటున్నప్పుడు విజయశ్రీ చేతుల్లోంచి చీర బయటికి వచ్చిన తీరు గుర్తొచ్చింది.

అదితి వీల్‌చెయిర్ చక్రాన్ని చేత్తో పట్టుకుంది. "నువ్వు లేకుండా నేను వెళ్ళను."

"టికెట్..."

"నాన్నా, ఆ లాయర్ ఆంటీ ఏదో నంబర్ అంది. నువ్వు ఇంకా అడగలేదు."

నిజమే, అడగలేదు. ఫొటో దగ్గర మాట ఎదురు తిరగడంతో అదే మరిచిపోయాడు. మరిచిపోవడం ఒకటి, అడగడానికి జంకడం ఒకటి. ఇన్నేళ్ళూ ఏ కౌంటర్ దగ్గరా అతను రెండోసారి అడిగినవాడు కాదు. కాదన్నచోట థాంక్యూ అని చెప్పి వెనక్కి తిరగడం అలవాటు.

లేచి నిలబడ్డాడు. సూపర్‌వైజర్‌ని పిలవమన్నాడు. ఆమె బిజీగా ఉందన్నాడు యువకుడు. "అయితే ఆవిడ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు జగన్మోహన్. గొంతు పెద్దది చెయ్యలేదు. యువకుడు పాస్‌పోర్టు తిరిగి ఇవ్వబోతే తను తీసుకోలేదు, కౌంటర్ మీదే ఉంచమన్నాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

సూపర్‌వైజర్ వచ్చింది. నడివయసు మనిషి, అలసిపోయిన మొహం. జగన్మోహన్ ఇంగ్లిష్‌లో చెప్పాడు, అదితి పక్క నుంచి స్కూల్లో నేర్చుకున్న స్పానిష్‌లో చెప్పింది. ఈ ముద్ర కార్డుతో సమానం, నమ్మకపోతే అమెరికా సరిహద్దు అధికారులని అడగండి, మీ దగ్గర నంబర్ ఉంటుంది. ఫొటో సంగతి అతనే ముందు చెప్పాడు, దాచలేదు. ఆవిడ పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తలుపు మూసుకుపోయాక గడిచిన సమయాన్ని జగన్మోహన్ తరవాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. పాస్‌పోర్టు కూడా చేతిలో లేదు. విజయశ్రీ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తోంది, ఏం చెప్పాలో తెలియక తియ్యలేదు. తియ్యకపోతే ఆమె ఏమనుకుంటుందోనని ఇంకో భయం. తెర మీద వాళ్ళ విమానం పక్కన అక్షరాలు బోర్డింగ్ అని మారాయి. అదితి అతని చొక్కా అంచు పట్టుకుని ఉంది, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో పట్టుకున్నట్టు. తనేం పట్టుకుందో ఆ పిల్ల గమనించినట్టు లేదు.

సూపర్‌వైజర్ తలుపు తీసుకుని వచ్చింది. మొహంలో ఏమీ కనబడలేదు. యువకుడి కంప్యూటర్ ముందుకి తనే వచ్చి, నిలబడే ఏవో మీటలు నొక్కింది. ప్రింటర్ చప్పుడైంది.

"ముద్ర సరైనదేనన్నారు," అంది. ఆలస్యానికి క్షమించమంది. గేటుకి పరుగెత్తమంది.

వీల్‌చెయిర్ అతను నిజంగానే పరుగెత్తాడు. బ్యాగులు భుజాన వేసుకుని జగన్మోహన్ వెనక పరుగెత్తాడు. సీట్లో కూర్చున్నాక బెల్టు పెట్టుకోవడం మరిచిపోయాడు. అదితి వంగి పెట్టింది.

అయినా ఇంటికి దగ్గరి ఎయిర్‌పోర్టు నెవార్క్‌లో దిగేదాకా భయం పోలేదు. దిగాక ఆఫీసర్ పాస్‌పోర్టు చూసి, పక్క గదిలో కూర్చోమన్నాడు. అదితిని వెళ్ళిపోవచ్చన్నాడు. ఆమె కదల్లేదు, గది తలుపు దగ్గర వీల్‌చెయిర్‌లో అలాగే ఉంది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. పేరు పిలిచినప్పుడు జగన్మోహన్‌కి లేవడం ఆలస్యమైంది. ఆఫీసర్ రెండు ప్రశ్నలడిగాడు, ఎందుకు వెళ్ళారు, కార్డు వచ్చిందా. కూతురి వైపు చూపించాడు. ఈ రోజే వచ్చింది, ఇంట్లో ఉందన్నాడు. ఆఫీసర్ అదితి కాలు వైపు చూసి, త్వరగా తగ్గాలని చెప్పి పాస్‌పోర్టు ఇచ్చేశాడు.

బయట రెయిలింగ్ పట్టుకుని విజయశ్రీ నిలబడి ఉంది. కార్డు తెచ్చింది, హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక కవర్లో పెట్టి. కానీ అప్పుడు దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె వీల్‌చెయిర్ ముందు నేల మీద కూర్చుని కూతురి కాలు ముట్టుకోవచ్చో లేదో తెలియక పాదం మీద చెయ్యి పెట్టింది. అదితి వంగి అమ్మ తల మీద తన గడ్డం ఆనించింది. అంతలో వెనక జనం దారి ఇమ్మన్నారు.

మర్నాడు బాత్రూమ్‌లో కుర్చీ వేసి, కాలికి ప్లాస్టిక్ చుట్టి, విజయశ్రీ కూతురికి తలస్నానం చేయించింది. హాల్లో సోఫా మీదున్న జగన్మోహన్‌కి నీళ్ళ చప్పుడు మధ్యలో వాళ్ళ మాటలు వినిపించాయి.

"నువ్వు రాలేదని నాకు చాలా కోపం వచ్చింది, అమ్మా."

"నాకూ వచ్చింది," అంది విజయశ్రీ. "రోజూ వచ్చేది."

"ఎవరి మీద?"

 మగ్గుతో నీళ్ళు పోసిన చప్పుడైంది. "కళ్ళు మూసుకో, షాంపూ పడుతుంది," అంది.

కాసేపటికి అదితి, నీ కార్డు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగింది. తెలియదు అంది విజయశ్రీ. ఇంతకుముందైతే త్వరలోనే వచ్చేస్తుందిలే అనేది. నీ కేస్ నంబర్ నాకివ్వు, నేనూ చూస్తుంటాను అంది అదితి. విజయశ్రీ ఒక్కొక్క అంకే చెప్పడం మొదలుపెట్టింది, తడి చేతులతో ఎక్కడా చూడకుండా, కంఠతా. అదితి ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది.